కొండప్పకు చెల్లెలొచ్చింది

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. ఉద్యోగం ఎలా ఉంటుంది సార్ అని అడుగుతారు. వాళ్ళకు కావలసింది ప్రమోషన్ల సంగతి. వాటి గురించి నాకు తెలిసింది తక్కువ, వచ్చినవి ఇంకా తక్కువ. కాలేజీలో చెప్పని ముక్క ఒకటి మాత్రం చెబుతాను. మన దగ్గరికి వచ్చే జీవానికి నోరు లేదు. దాన్ని తోలుకొచ్చే మనిషికి నోరుంది గానీ విప్పడు. ఇద్దరి రోగమూ మనమే కనుక్కోవాలి.

మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. నాకు పశువైద్యంలో సీటు వచ్చిందని తెలిసిన రోజు మా నాయన కంచం ముందు కూర్చుని, "మూడు తరాలు మంత్రాలు చెప్పి బతికినాం. నువ్వు ఎనుము ఎనక చెయ్యి పెట్టి బతుకుతావా?" అన్నాడు. తర్వాత ఆయనే ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మావాడు డాక్టరు అని చెప్పేవాడు. ఏ డాక్టరో చెప్పేవాడు కాదు.

రెండు గ్లాసుల మజ్జిగ

తొండూరు పక్క కొంతకాలం చేసి జమ్మలమడుగు ఆస్పత్రికి వచ్చాను. అవి కక్షల రోజులు. కొండకు ఎగువన ఒక ఊరు, దిగువన ఒక ఊరు. పేర్లు చెప్పను, నాకింకా పెన్షన్ వస్తోంది. పైఊరు, కిందూరు అనుకోండి. పైఊరి పెద్దాయనది ఒక పార్టీ, కిందూరి పెద్దాయనది ఇంకో పార్టీ. ఒకసారి ఎన్నికల ముందు ఇద్దరూ ఒకే నెలలో పార్టీలు మార్చుకున్నారు. జెండాలు అటివి ఇటు, ఇటువి అటు పోయాయి గానీ కక్ష మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

నాకంటే ముందు పనిచేసిన డాక్టరు మంచి చదువరి. కోస్తా నుంచి వచ్చాడు. పైఊరి పెద్దాయన ఇంట్లో మంచం మీద కూర్చుని కాఫీ తాగాడట, అంతే. కిందూళ్ళో ఏడాది పొడుగునా ఒక్క గొర్రెకు జబ్బు చేయలేదు. అంటే చచ్చాయి గానీ ఎవరూ ఆయన దగ్గరికి తోలుకు రాలేదు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని బదిలీ చేయించుకున్నాడు.

ప్రొద్దుటూరులో మా పై అధికారి పెద్దగా చదివేవాడు కాదు, సంతకం పెట్టాలన్నా బద్ధకమే. కానీ నేను చేరిన రోజు ఒక మాట చెప్పాడు. "పైఊళ్ళో మజ్జిగ తాగితే కిందూళ్ళోనూ తాగు. కడుపు పగిలినా సరే తాగు. లేదా రెండు చోట్లా తాగద్దు." ఇరవై పుస్తకాలు నేర్పనిది ఆ ఒక్క మాట నేర్పింది. ఆ ప్రాంతంలో ఉన్నన్నాళ్ళూ నేను మజ్జిగ మీదే బతికాను.

మజ్జిగతో పాటు ఇంకొకటి నన్ను కాపాడింది, దొన. కొండ మీద బండల మధ్య వాననీళ్ళు నిలిచే గుంటను అక్కడ దొన అంటారు. ఎండాకాలం చుట్టుపక్కల ఎక్కడా నీటిచుక్క ఉండదు, ఆ ఒక్క దొనలో తప్ప. అందుకని గొర్రెలకాపర్లు ఏ కాలంలోనో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దొన కాడ కక్ష లేదు. పైఊరి మంద తాగుతుంటే కిందూరి మంద ఆగుతుంది. కత్తులు దూసుకునే ఊళ్ళ వాళ్ళే అక్కడ బీడీకి నిప్పు అడిగి పుచ్చుకునేవాళ్ళు.

నేను ఆ కట్టుబాటును వాడుకున్నాను. వానలకు ముందు గొర్రెలకు చిటుక రోగం టీకా వేయాలి. చిటిక వేసినంతలో జీవం పడిపోతుంది గనక ఆ రోగానికి ఆ పేరు. టీకా సీసా మూత తీశామా, ఆ పూటే అయిపోవాలి. ఊరికొక సీసా తీసి సగం పారబోయడం ఎందుకని, మంచుపెట్టె మోయించుకుని దొన కాడికే పోయేవాణ్ణి. రెండూళ్ళ మందలూ అక్కడికే వచ్చేవి. దాన్ని సూదుల దినం అనేవాళ్ళు. ఏడాదిలో ఆ రెండూళ్ళూ కలిసి జరుపుకునే పండగ అదొక్కటే. ప్రసాదం గొర్రెలకు.

దొన పక్కన ఒక నీళ్ళతొట్టి ఉండేది. పొడుగ్గా, వెండిరంగులో, తుప్పు పట్టకుండా ఉండేది. ఒంటిచేత్తో లేపొచ్చు. మొదటిసారి చూసినప్పుడు అడిగాను.

"ఇది యాడిది?"

"మా తాతల కాలంనాడే ఉండాది సామీ."

"ఏం లోహం ఇది?"

"తొట్టి సామీ."

అంతే. ఇక అడిగి లాభం లేదని నాకు అప్పటికే తెలుసు.

జబ్బులేని ఎనుము

జమ్మలమడుగు ఆస్పత్రికి కిందూరి నుంచి లక్ష్మక్క అనే ఆమె వచ్చేది. మొగుడు లేడు, పాలమ్ముకుని బతికేది. వారం వారం ఎనుమును, అంటే గేదెను, తోలుకొచ్చి వేపచెట్టుకు కట్టేది.

"ఎనుముకు ఏమైంది లక్ష్మక్కా?"

"ఏం కాలా సార్. ఊరికే సూడండి."

నేను కళ్ళు చూసి, చెవులు చూసి, కడుపు తట్టి, బాగుందని చెప్పేవాణ్ణి. అప్పుడు అసలు సంగతి అడిగేది. "సార్, మీరు అన్ని ఊర్లూ తిరుగుతాంటారు. మావాడు యాడన్నా కనపడ్నాడా? ఎడం చేతికి ఆరు వేళ్ళు సార్. యాడున్నా గుర్తు పట్టచ్చు."

కొడుకు పేరు శివుడు. మీసాలు అప్పుడప్పుడే వస్తున్న వయసు. ప్రొద్దుటూరులో సినిమా చూసొస్తానని పోయాడు, తిరిగి రాలేదు. కిందూరి పెద్దాయన ఆమెను పిలిపించి, పిల్లోడు బొంబాయిలో మేస్త్రీ పనికి పోయినాడు, కబురొచ్చింది అని చెప్పాడు. ఆ వారంలోనే రెండు వర్గాలకూ రాజీ కుదిరిందని, ఆ రాజీలో ఎవరూ ఎవరినీ ఏమీ అడక్కూడదన్నది ఒక షరతని జమ్మలమడుగు టీ కొట్ల దగ్గర అందరికీ తెలుసు. లక్ష్మక్కకు కూడా తెలిసే ఉంటుందని నా అనుమానం. అయినా తెలియడం వేరు, చూడడం వేరు. ఎనుము ఉన్నంతకాలం అడగొచ్చు గదా అని ఆమె అడిగేది. నేను కనపడలేదమ్మా అనేవాణ్ణి. నిజంగా నాకు కనపడలేదు.

ఏ కొండ?

ఇలా ఉండగా సున్నపురాయి కోసం కొండ చూడడానికి ఒక జియాలజిస్టు వచ్చాడు. దాహమేసి దొన కాడికి పోయాడు. తొట్టి అడుగున చెక్కిన అంకెలు చూసి ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటో ఎవరి చేతులు మారి ఎక్కడికి పోయిందో గానీ, చివరికి ఇంగ్లండులో ఒక ముసలామె చేతికి చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా మీద బాంబులేసి మద్రాసు వైపు తిరిగి వస్తూ ఒక విమానం కనపడకుండా పోయిందట. సముద్రంలో పడిందని తేల్చేశారట. అందులో ఆమె అన్న ఉన్నాడు. ఆ అంకెలు ఆ విమానానివి.

ఆమె పేరు మార్గరెట్. అరవై దాటిన మనిషి, స్కూలు టీచరుగా చేసి రిటైరైంది. కడపకు వచ్చింది, కలెక్టరును కలిసింది. కలెక్టరు జాలిపడి రెవెన్యూ వాళ్ళనూ పోలీసులనూ జీపులో పంపాడు. ఆ పంపడంతోనే పని చెడింది.

జీపు రెండూళ్ళకూ పోయింది. ఏళ్ళ తరబడి ఒక్క విషయంలోనూ కలవని రెండు వర్గాలు ఆ రోజు అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు చెప్పాయి.

"విమానమా? మాకు తెలీదు."

"కొండ మీద పడిందంట గదప్పా?"

"ఏ కొండ?"

కొండ వాళ్ళ వీపుల వెనకే ఉంది. ఆ మాట చెప్పినవాడు దాని నీడలోనే కూర్చున్నాడు.

వాళ్ళను తప్పు పట్టకండి. ఆ కొండ గుహల్లో ఏం దాచి ఉంచేవాళ్ళో జమ్మలమడుగులో పలక పట్టుకునే పిల్లలకు కూడా తెలుసు. ఆకాశం నుంచి బాంబులేసే విమానం కూలి, పోయి పోయి మన నాటుబాంబుల పక్కనే పడింది. ఇంకొకటి కూడా ఉంది. అక్కడ చూసినవాడు సాక్షి, సాక్షి అంటే సగం ముద్దాయి. యుద్ధం రోజుల్లో తెల్లదొరలు వెతుక్కుంటూ వచ్చినప్పుడు వీళ్ళ తాతలు చెప్పిందీ ఇదేనట: మేం చూడలేదు. అలా విమానం సముద్రంలో పడిపోయింది.

మార్గరెట్ ఒక నర్సును వెంటపెట్టుకుని జమ్మలమడుగు బంగళాలో దిగి ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవాడు కావాలని నన్ను పిలిచారు. నా ఇంగ్లీషంతా పశువుల రోగాలదే. అయినా ఆమె అడిగింది అర్థమైంది. "నాకు విమానం వద్దు డాక్టర్. ఎముకలు కూడా వద్దు. మా అమ్మ చనిపోయేదాకా ఒక్కటే అడిగింది, వాడు ఒంటరిగా పోయాడా అని. ఆ జవాబు కోసం వచ్చాను. వారంలో తిరిగి పోవాలి. మళ్ళీ రాలేను, నా గుండె బాగాలేదు."

నాకు లక్ష్మక్క గుర్తొచ్చింది. ఈమె కనీసం ఎనుము లేకుండా అడుగుతోంది.

ముండ్లు కొట్టించాల

పైఊరి పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన పందెం పొట్టేలుకు అంతకుముందే కొమ్ము విరిగితే కట్టు కట్టి బతికించాను. మజ్జిగ వచ్చింది. తాగాను.

"పెద్దాయనా, ఈసారి సూదుల దినం ముందుగా పెడదామనుకుంటున్నా."

"పెట్టు సామీ. జీవాలు మనందరివీ."

"కూడా ఒకామె వస్తుంది. ముసలామె."

ఆయన మీసం కింద నవ్వాడు. "ఇమానమామెనా?"

"ఆమెనే."

"పోలీసోడు ఎంటొస్తాడా?"

"రాడు. నేను, కాంపౌండరు, మంచుపెట్టె, ఆమె."

ఆయన చాలాసేపు పొట్టేలు మెడ నిమిరాడు. "అట్లయితే రెండు దినాలు ఆగు సామీ. దావ నిండా ముండ్లు ఉండాయి. మావాళ్ళతో కొట్టిస్తా. పెద్దామె కాలికి గుచ్చుకుంటే మనకు మాట గదా."

ఏ ముండ్లో నేను అడగలేదు. కిందూరికి పోయి రెండో గ్లాసు మజ్జిగ తాగాను. ఆ పెద్దాయన కూడా రెండు దినాలు ఆగమన్నాడు. ఆయన వైపు దావలోనూ ముండ్లు ఉన్నాయట. ఆ రెండు రోజులూ రాత్రి పూట కొండ మీద నుంచి ఎడ్లబండ్లు దిగుతూనే ఉన్నాయని తర్వాత విన్నాను. ముండ్లు అంత బరువుంటాయని నాకు తెలియదు.

కొండప్ప

మార్గరెట్‌ను డోలీలో మోయించాం. ఆమె సిగ్గుపడింది గానీ ఒప్పుకుంది. దొన కాడికి చేరేసరికి రెండూళ్ళ మందలూ వచ్చి ఉన్నాయి. నేను టీకాలు మొదలుపెట్టాను. పని జరుగుతుంటేనే అక్కడి వాళ్ళు మాట్లాడతారు, ఊరికే కూర్చుని అడిగితే ఎవరూ చెప్పరు. ఇది కొత్తగా వచ్చిన పిల్లలు రాసిపెట్టుకోవలసిన సంగతి.

పైఊరి కాపరి ఒకతని తల్లి ఓబుళమ్మ. పండుముసలి. గొర్రెల కాళ్ళు పట్టుకుంటూ మార్గరెట్‌నే చూస్తోంది. కాసేపటికి నన్నడిగింది. "ఈ యమ్మ ఆ దొరకు ఏమయితాది?"

"చెల్లెలు అవ్వా."

ఓబుళమ్మ పట్టుకున్న గొర్రెను వదిలేసింది. మార్గరెట్ దగ్గరికి పోయి, గడ్డం పట్టుకుని, మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. సంతలో పొట్టేలును చూసినట్టు చూసింది. "ముక్కు అదే. అదే ముక్కు" అంది. ఆ తర్వాత ఎవరూ ఆమెను ఆపలేదు.

"నేను అప్పుడే పెండ్లయి వచ్చినా. వాన. పెద్ద శబ్దమయితే పిడుగనుకుంటిమి. పొద్దన వచ్చి సూస్తే అంతా కాలిపోయి ఉండె. కాలిన వాళ్ళనంతా ఒక్క గుంతలోనే పెట్టి రాళ్ళు పేర్చినాం, అదో ఆ పెద్ద కుప్ప. ఈ పిల్లోడొకడు బండ సందులో బతికి ఉండె. తొడ ఇరిగిపోయింది. మా గుడిసెలో పండేసినాం. మేకపాలు తాగిస్తే తాగె. శానా సలి అని వణికిపాయ. గొర్రెపిల్లను తెచ్చి పక్కలో పండేసినాం, ఎచ్చగా ఉంటాదని. దాన్ని పట్టుకొని నిద్రపోయేవాడు."

నేను ముక్క ముక్కా ఇంగ్లీషులో చెబుతున్నాను. మార్గరెట్ నా వైపు చూడడం లేదు, ఓబుళమ్మ నోటినే చూస్తోంది. వాళ్ళమ్మ అడిగిన ప్రశ్నే ఆమె అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"ఒంటరిగా యాడ పోయినాడు?" ఓబుళమ్మకు కోపం వచ్చింది. "మా అత్త ఒళ్ళో తల పెట్టుకొనె. ఆయమ్మ పాటలు గూడా పాడె. మమ్మల్ని మనుషులనుకున్యారా, ఏమనుకున్యారు?"

ఆ కోపాన్ని మాత్రం నేను ఇంగ్లీషులోకి మార్చలేకపోయాను. మార్చనక్కర కూడా లేకపోయింది. మార్గరెట్ ఆమె రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. కాంపౌండరు సిరంజి పట్టుకుని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, గొర్రె చాటున.

పెద్ద కుప్ప పక్కన ఇంకో రాళ్ళకుప్ప ఉంది. దానికి సున్నం కొట్టి, పసుపు రాసి ఉంది. ఏటా పెత్తరమాసకు, అంటే చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్యకు, ఓబుళమ్మ ఆ కుప్ప ముందు కూడా ఆకు వేస్తుందట. పేరు పెట్టి పిలిస్తేనే పోయినోళ్ళు వచ్చి తింటారు. దొర పేరు తెలియదు గనక కొండప్ప అని పిలుస్తుందట. తన అన్న పేరు పీటర్ అని మార్గరెట్ చెప్పింది.

ఓబుళమ్మ ఆలోచించింది. "ఇప్పుడు మారిస్తే రాడేమో నాయనా. ఇన్నేండ్లు కొండప్ప అంటేనే వచ్చి తినిపోతాండాడు."

మార్గరెట్ ఏడుపులోనే నవ్వి, కొండప్పే ఉండనివ్వమంది. తెచ్చుకున్న పూలు కుప్ప మీద పెట్టింది. కొన్ని మిగిలాయి. ఇంకొంచెం అవతల మూడు చిన్న కుప్పలు కనిపించాయి. వాటికీ సున్నం కొట్టి ఉంది. సున్నం కొత్తది. వీళ్ళు కూడా మావాళ్ళేనా అని ఆమె అడిగింది.

నేను తెలుగులో అడిగాను. ఒక్కసారిగా కాపర్లందరికీ గొర్రెలతో పని పడింది.

ఓబుళమ్మ చుట్టూ చూసింది. "ఈళ్ళు ఇమానంలో వచ్చినోళ్ళు కాదు నాయనా. మన పక్కోళ్ళే. యాడ పడేసిపోయినా మా జీవాలు కనిపెడతాయి. కాకులకు ఇడిసిపెట్టలేం గదా, మేమే పూడ్సినాం. మా కంటికి వీళ్ళూ కొండప్పలే."

వీళ్ళ కోసం ఇంటివాళ్ళు వస్తారా అని మార్గరెట్ అడిగింది.

"వాళ్ళకు దూరం గదా నాయనా" అంది ఓబుళమ్మ. "ఈ యమ్మకే ఇది దగ్గర."

అక్కడి నుంచి చూస్తే కిందూరి మిద్దెలు, ఆరబెట్టిన చీరలతో సహా కనపడుతున్నాయి.

మార్గరెట్ మిగిలిన పూలు మూడు కుప్పల మీదా సర్దింది. నేను ఓబుళమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగాను, అవ్వా, వీళ్ళలో ఎవరికైనా ఎడం చేతికి ఆరు వేళ్ళున్నాయా అని. ఆమె లేచి నడిచింది. చివరి కుప్ప మీద జారిన ఒక పువ్వును తీసి మళ్ళీ పైన పెట్టింది.

దొన కాడి ఎనుము

చట్టం తెలిసిన వాళ్ళు నన్ను తిట్టొచ్చు. పోలీసులకు చెప్పాల్సింది అంటారు. చెబితే కుప్పలు తవ్వుతారు, మరునాడు ఓబుళమ్మ కొడుకు సాక్షి అవుతాడు, ఆ పైవారం నాలుగో కుప్ప అవుతాడు. ఆ కబురు కిందూళ్ళో ఒక్క మనిషిదని అనుకున్నాను. ఆ మనిషికే ఇచ్చాను.

లక్ష్మక్క ఎప్పటిలాగే వచ్చింది. ఎనుమును చూశాను. "బాగుంది. అయినా శుక్రవారం దీన్ని దొన కాడికి తోలుకొని రా. మిగిలిన గొర్రెలకు సూదులేస్తాను" అన్నాను.

"ఎనుముకు గొర్రెల సూదా సార్?"

"ఆ."

ఆమె నా మొహం చూసింది. ఆ రోజు కొడుకు సంగతి అడగలేదు.

శుక్రవారం ఎనుము కొండెక్కింది. ఆ ప్రాంతంలో ఎనుము కొండెక్కడం ఎవరూ చూసి ఉండరు. దారి పొడుగునా కాపర్లు చూశారు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. కొన్నిసార్లు అక్కడి మౌనం అంత మంచిది. లక్ష్మక్క చేతిలో మూట ఉంది. జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి. ఓబుళమ్మ ఆమెను చేయి పట్టుకుని చివరి కుప్ప కాడికి తీసుకుపోయింది. లక్ష్మక్క గట్టిగా ఏడవలేదు. మూట విప్పి, రొట్టె తుంచి పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఎనుము దొనలో దిగి హాయిగా పడుకుంది. గొర్రెలు వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

మార్గరెట్ వెళ్ళిపోయాక కథ పేపర్లో వచ్చింది. వెంటనే రెండు పార్టీలకూ ఆ చచ్చిపోయిన సైనికులు తమవాళ్ళయిపోయారు. వాళ్ళ జ్ఞాపకార్థం ఆర్చి ఎవరి వైపు కట్టాలని కొట్లాడి, చివరికి కొండ కింద సరిహద్దు మీద సగం సగం కట్టారు. ఆవిష్కరణకు ఇంటికొకరు రావాలని రెండూళ్ళలోనూ దండోరా వేశారు. లక్ష్మక్క ముందు వరసలో కూర్చుంది.

కిందూరి పెద్దాయన మైకు పట్టుకున్నాడు. బాగా మాట్లాడతాడు. "కన్నబిడ్డ యాడున్నాడో తెలీక ఆ తల్లి కడుపు ఎంత మండిందో! ఏ తల్లికీ అట్లాటి కష్టం రాకూడదు!" అంటూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దిగి వస్తుంటే లక్ష్మక్క ఎదురు పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన అలవాటు ప్రకారం ఆమె కంటే ముందే అన్నాడు. "వస్తాడులేమ్మా నీ కొడుకు. దసరాకు బొంబాయి నుంచి పిలిపిస్తా."

"వద్దులేప్పా, వాన్ని తొందరపెట్టద్దు" అంది లక్ష్మక్క. "నేను పోయి సూసొచ్చినా. బాగుండాడు."

పెద్దాయన చేతిలో దండ అలాగే ఉండిపోయింది. ఆయన మొదట ఆమెను చూశాడు, తర్వాత కొండను చూశాడు, ఆఖరున నన్ను చూశాడు.

నెల తిరక్కముందే నాకు పులివెందులకు బదిలీ వచ్చింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పోయేలోపు వారం వారం వేపచెట్టు కింద చూశాను. లక్ష్మక్క మళ్ళీ రాలేదు. ఆ ఎనుముకు ఏ జబ్బూ లేదని మా ఇద్దరికీ మొదటి నుంచీ తెలుసు.